రెండు డ్రమ్ముల నీళ్లు

సముద్రపు చేపలను ఇంట్లో పెంచేవారి దగ్గరికి వెళితే అందరి చూపూ ముందు గాజు తొట్టి మీదే పడుతుంది. నీలి వెలుగు, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ ఫిష్, నీటి వాలుకు ఊగే నాచు – చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ తొట్టిలోని ప్రాణుల బతుకు ఆధారపడి ఉండేది పక్క గదిలో ఒక మూలన ఉండే రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల మీద. ఒకదానిలో శుద్ధి చేసిన మంచినీళ్లు ఉంటాయి. రెండోదానిలో కలిపి ఉంచిన ఉప్పునీళ్లు ఉంటాయి. ఈ వ్యాసం ఆ రెండు డ్రమ్ముల గురించే.

హాస్టల్ పత్రికలో అక్వేరియం గురించి ఎందుకు, అది డబ్బున్నవాళ్ల సరదా కదా అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. సరదా వాళ్లదే అయినా, దాని వెనుక ఉన్న రసాయన శాస్త్రం మాత్రం పదో తరగతిలో, ఇంటర్మీడియట్‌లో మనమందరం చదువుకున్నదే. మేము జంతుశాస్త్రంలో పీజీ చేస్తున్నాం. మా విభాగంలోని చిన్న సముద్రపు తొట్టికి నీళ్లు చూసే పని విద్యార్థులమైన మాకే అప్పగించారు. ఆ పని మాకు నేర్పిన ముఖ్యమైన విషయం ఒకటుంది. నీటిని శుద్ధి చేయడంతో సగం పనే అవుతుంది. ఆ నీటిని వాడుకునే క్షణం వరకు శుద్ధంగా నిలబెట్టడం మిగతా సగం. ఈ మాట చేపల తొట్టికి ఎంత వర్తిస్తుందో, మన భోజనశాలలోని మంచినీళ్ల డ్రమ్ముకూ అంతే వర్తిస్తుంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం.

సముద్రపు నీటిలో ఏముంది?

సముద్రపు నీరు అనగానే మనకు ఉప్పు గుర్తుకొస్తుంది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో క్లోరైడ్ 19 గ్రాములకు కొంచెం ఎక్కువ, సోడియం 11 గ్రాములకు కొంచెం తక్కువ. అంటే ఈ రెండే 30 గ్రాములు. మిగిలిన 5 గ్రాములలో సల్ఫేట్ 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాము, పొటాషియం 0.4 గ్రాము, ఇంకా బైకార్బొనేట్, బ్రోమైడ్, స్ట్రాన్షియం వంటివి కొద్దికొద్దిగా ఉంటాయి.

1872 నుంచి 1876 వరకు బ్రిటన్‌కు చెందిన ఛాలెంజర్ అనే ఓడ ప్రపంచ సముద్రాలన్నీ తిరిగి నీటి నమూనాలు సేకరించింది. వాటిలో 77 నమూనాలను విలియం డిట్‌మర్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఒకచోట ఉప్పదనం ఎక్కువ, మరొకచోట తక్కువ ఉండవచ్చు గానీ, ముఖ్యమైన లవణాల మధ్య నిష్పత్తి మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే అని ఆయన లెక్కల్లో స్పష్టమైంది. ఆ నిష్పత్తి తెలుసు కాబట్టే సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో కూడా సముద్రపు నీటిని తయారు చేసుకోవచ్చు.

మరి వంటింట్లోని ఉప్పు కలిపితే సరిపోదా? సరిపోదు. అది దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. పగడపు జీవులు తమ గూడు కట్టుకునేది కాల్షియం, కార్బొనేట్‌లతో. వాటికి మెగ్నీషియం కూడా తగినంత ఉండాలి. అందుకని సముద్రపు నిష్పత్తిలో అన్ని లవణాలూ కలిపిన మిశ్రమాన్ని ‘మెరైన్ సాల్ట్’ పేరుతో అమ్ముతారు.

పగడాల విషయంలో ఒక హెచ్చరిక

అమెరికా, ఐరోపా దేశాల్లో పగడాలను ఇళ్లలో పెంచడం చాలాకాలంగా ఉన్న అలవాటు. మన దేశంలో అలా కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ చేర్చారు. సముద్రపు గుర్రాలనూ అప్పుడే చేర్చారు. మొదటి షెడ్యూల్ అంటే పులికి ఇచ్చిన రక్షణే పగడానికీ ఇచ్చినట్లు. వాటిని ఏరడం, అమ్మడం, కొనడం నేరం. మనకు పగడపు దిబ్బలు ఉన్నవి మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో. గోదావరి, కృష్ణ వంటి నదులు మంచినీటినీ ఒండ్రునూ తెచ్చి కలిపే మన తీరంలో అటువంటి పెద్ద దిబ్బలు లేవు. కాబట్టి ఇక్కడ ఇంట్లో సముద్రపు తొట్టి పెట్టాలనుకునేవారు హేచరీలో పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్ వంటి చేపలతో, కృత్రిమంగా చేసిన రాళ్లతో సరిపెట్టుకోవాలి. ఏ తొట్టికైనా నీళ్ల పద్ధతి ఒక్కటే.

కుళాయి నీళ్లు ఎందుకు పోయకూడదు?

మన తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన కొలతలు (ఐఎస్ 10500, 2012) ఉన్నాయి. నీటిలో కరిగి ఉన్న మొత్తం పదార్థాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములకు మించకూడదు. ఇవి మనిషి ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి. సముద్రపు తొట్టి పెంచేవారు మాత్రం నైట్రేట్‌ను సాధారణంగా 10 లోపు ఉంచాలని చూస్తారు. ఎరువులు ఎక్కువగా వాడే ప్రాంతాల్లోని బోరు నీళ్లు మనకు తాగడానికి పనికివచ్చినా, తొట్టిలో పోస్తే నాచు విపరీతంగా పెరుగుతుంది.

రాగి సంగతి మరీ ముఖ్యం. రాగి బిందెలో, రాగి చెంబులో నీళ్లు ఉంచుకుని తాగడం మన పెద్దల అలవాటు. రాగి సూక్ష్మజీవులను చంపుతుంది కాబట్టి ఆ అలవాటులో అర్థముంది. వేరే వసతి లేనిచోట తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకు రాగిని ప్రమాణాలు అనుమతిస్తాయి. సముద్రపు చేపలకు పరాన్నజీవులు పట్టినప్పుడు ఇచ్చే రాగి మందు మోతాదు సుమారు 0.2 మిల్లీగ్రాము మాత్రమే. అంత తక్కువ రాగికే రొయ్యలు, నత్తలు, పగడాల వంటి వెన్నెముక లేని జీవులు చనిపోతాయి. మనకు మేలు చేసేది ఇంకొక ప్రాణికి విషం కావచ్చు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కాబట్టి తొట్టి నీళ్లకు రాగి బిందె గానీ, ఇత్తడి కుళాయి గానీ తగలకూడదు.

ఇక క్లోరిన్. కుళాయి నీటిలో రోగకారక క్రిములు పెరగకుండా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. అదే క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే మేలు చేసే బ్యాక్టీరియానూ చంపుతుంది.

శుద్ధి చేసే క్రమం

ముందుగా నీరు దారపు వడపోత గుండా వెళుతుంది. అక్కడ మట్టి, తుప్పు ఆగిపోతాయి. తర్వాత బొగ్గు వడపోత క్లోరిన్‌ను పట్టుకుంటుంది. ఈ మెట్టు తప్పనిసరి. ఎందుకంటే క్లోరిన్ తగిలితే తర్వాత వచ్చే ఆర్వో పొర త్వరగా పాడైపోతుంది. ఆర్వో అంటే రివర్స్ ఆస్మాసిస్. ఎక్కువ ఒత్తిడితో నీటిని సన్నని పొర గుండా నెట్టితే నీటి అణువులు దాటుతాయి, లవణాలలో 95 నుంచి 98 శాతం వరకు ఇవతలే ఆగిపోతాయి. అంటే 500 టీడీఎస్ ఉన్న నీరు 10 నుంచి 25కు దిగుతుంది.

మిగిలినదాన్ని తీసేది డీఐ గొట్టం. అందులోని రెజిన్ పూసలు సోడియం, కాల్షియం వంటి ధనాత్మక అయాన్లను తీసుకుని హైడ్రోజన్‌ను వదులుతాయి. నైట్రేట్, సిలికేట్ వంటి రుణాత్మక అయాన్లను తీసుకుని హైడ్రాక్సైడ్‌ను వదులుతాయి. ఆ హైడ్రోజన్, ఈ హైడ్రాక్సైడ్ కలిస్తే మళ్లీ నీరే. చివరకు టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తుంది. సున్నా దాటి అంకె పెరగడం మొదలైతే రెజిన్ అయిపోయిందని అర్థం.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఇళ్లలో తాగడానికి పెట్టుకునే ఆర్వో యంత్రాల్లో రుచి కోసం కొన్ని ఖనిజాలను తిరిగి కలుపుతారు, లేదా కొంత మామూలు నీటిని కలుపుతారు. తాగడానికి అది మంచిదే, తొట్టికి పనికిరాదు. 20 లీటర్ల క్యాన్లలో అమ్మే నీటినైనా మీటరుతో కొలవకుండా నమ్మకూడదు.

రెండవది, వృథా నీరు. మామూలు ఆర్వో ఒక లీటరు ఇవ్వడానికి రెండు, మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. 500 టీడీఎస్ ఉన్న నీరు నాలుగు లీటర్లు పోస్తే ఒక లీటరు 25 టీడీఎస్‌తో వస్తుంది, మూడు లీటర్లు సుమారు 658 టీడీఎస్‌తో పోతాయి. ఆ నీటితో నేల తుడవవచ్చు, మరుగుదొడ్లకు వాడవచ్చు. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధుల్లో పెరిగిన మనం దాన్ని కాలువలోకి వదలలేం. అయితే నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోలాగా ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లయితే ఆ వృథా నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. దాన్ని తాగకూడదు, పశువులకూ పెట్టకూడదు.

మొదటి డ్రమ్ము – మంచినీళ్లు

ఇంటి ఆర్వో యంత్రం గంటకు పది, పదిహేను లీటర్లకు మించి ఇవ్వదు. కరెంటు పోతే అదీ రాదు. అందుకే నిల్వ తప్పదు. అయితే అంత శుద్ధమైన నీటికి ఒక గుణముంది. తనలో ఏమీ లేదు కాబట్టి తగిలిన ప్రతిదానినీ కొంచెం కొంచెం కరిగించుకుంటుంది. ఇత్తడి కుళాయిలోంచి రాగిని, జింకు పూత రేకు డ్రమ్ములోంచి జింకును లాగుకుంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చుకుంటుంది. ఏడు ఉండాల్సిన పీహెచ్ కొన్ని గంటల్లోనే ఆరు కంటే దిగువకు రావచ్చు. వాన నీటి పీహెచ్ 5.6 దగ్గర ఉండడానికి కారణమూ ఇదే. దీనికి కంగారు పడనక్కర లేదు. ఉప్పు మిశ్రమంలోని బైకార్బొనేట్ కలవగానే పీహెచ్ సర్దుకుంటుంది.

డ్రమ్ము ఎంపికలో పాటించాల్సినవి ఇవి:

1. ఆహార పదార్థాల కోసం చేసిన హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ డ్రమ్మునే కొనాలి. డ్రమ్ము అడుగున త్రిభుజంలో 2 అంకె ఉంటే అది హెచ్‌డీపీఈ. అయితే ఆ అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే చెబుతుంది, అందులో ఇంతకుముందు ఏం పోశారో చెప్పదు. పాత సామాన్ల దుకాణాల్లో చవకగా దొరికే నీలి డ్రమ్ములు చాలావరకు రసాయనాలు, పురుగు మందులు వచ్చినవి. ఎన్నిసార్లు కడిగినా వాటిని చేపలకే కాదు, మనుషుల తాగునీటికీ వాడకూడదు.

2. కుళాయి, గొట్టాలు ప్లాస్టిక్‌వే ఉండాలి.

3. మూత బిగుతుగా ఉండాలి. దుమ్ము, బల్లులు, దోమలు, వంటింటి పొగ, అగరుబత్తి పొగ, దోమల మందు ఏదీ నీటిని తాకకూడదు.

4. ఎండ తగలని చోట ఉంచాలి. వెలుగు దాటే పలుచని డ్రమ్ములో పాచి పడుతుంది.

5. ఖాళీ చేశాకే కడిగి, ఆరబెట్టి కొత్త నీరు పట్టాలి. పాత నీటి మీదే కొత్త నీరు పోస్తూ ఉంటే గోడలకు జిగట పొర ఏర్పడుతుంది. అందులో బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. సబ్బు, డిటర్జెంట్ వాడకూడదు.

ఆవిరి లెక్క

మంచినీళ్ల డ్రమ్ము అవసరం రోజూ ఉంటుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం. 100 లీటర్ల తొట్టిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున 3500 గ్రాముల లవణం ఉంది. వేసవిలో కొద్ది రోజుల్లో 10 లీటర్లు ఆవిరైపోయాయి. ఆవిరిగా పోయేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. అప్పుడు 90 లీటర్లలో 3500 గ్రాములు, అంటే లీటరుకు 38.9 గ్రాములు. తగ్గిన 10 లీటర్లకు బదులు మంచినీళ్లు పోస్తే మళ్లీ 35కు వస్తుంది. పొరపాటున ఉప్పునీళ్లు పోస్తే ఇంకో 350 గ్రాములు చేరి 38.5 దగ్గరే నిలిచిపోతుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే చేప తట్టుకోలేదు.

కాబట్టి సూత్రం ఇది: ఆవిరైన దానికి మంచినీళ్లు, తీసి పారబోసిన దానికి ఉప్పునీళ్లు. ఉప్పు మడుల్లో పనిచేసే మన తీరప్రాంతపు తల్లిదండ్రులకు ఈ సూత్రం పుస్తకం చదవకుండానే తెలుసు. వారు ఉప్పు పండించేది ఆవిరి మీద నమ్మకంతోనే కదా!

ఒకేసారి పది లీటర్లు పోయడం కంటే రోజూ తగ్గినంత పోయడం మేలు. తొట్టి అద్దం మీద ఒక గీత గీసుకుంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

రెండో డ్రమ్ము – ఉప్పునీళ్లు

చేపల విసర్జనల వల్ల, తినకుండా మిగిలిన మేత కుళ్లడం వల్ల అమ్మోనియా పుడుతుంది. బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ వరకు మార్చి వదిలేస్తుంది. పోగైన నైట్రేట్‌ను తీసేయడానికి చాలామంది వారానికి పదో వంతు నీటిని మారుస్తారు. దీనికి రెండో డ్రమ్ము కావాలి. కలిపే పద్ధతి క్రమంగా చెబుతాం.

ముందు డ్రమ్ములో మంచినీళ్లు పోయాలి. నీటిని తిప్పడానికి చిన్న మోటారు వేయాలి. చలికాలంలో అయితే హీటరుతో 25 డిగ్రీల దగ్గరికి తేవాలి. ఆ తర్వాతే ఉప్పును కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. ఉప్పు ముందు వేసి దాని మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే మొదటి కొద్ది నీటిలోనే కాల్షియం, కార్బొనేట్ చిక్కగా కలుసుకుని తెల్లని పొడిగా అడుగున పేరుకుంటాయి. అది కాల్షియం కార్బొనేట్. ఒకసారి పేరుకుంటే మళ్లీ సులభంగా కరగదు. ఇడ్లీ పాత్ర అడుగున, గీజరు లోపల కనిపించే తెల్లని గార కూడా అదే పదార్థం. నీరు వేడెక్కే కొద్దీ అది ఎక్కువగా పేరుకుంటుంది. అందుకే ఉప్పునీటిని ఎండలో గానీ, అవసరానికి మించిన వేడిలో గానీ ఉంచకూడదు.

లీటరుకు ఎంత ఉప్పు? మిశ్రమంలోని స్ఫటికాల్లో కొంత నీరు ఇమిడి ఉంటుంది కాబట్టి 35 గ్రాముల లవణీయత రావడానికి సుమారు 36 నుంచి 40 గ్రాములు పడుతుంది. 38 గ్రాముల చొప్పున 20 లీటర్లకు 760 గ్రాములు. రకాన్ని బట్టి తేడా ఉంటుంది కాబట్టి డబ్బా మీద రాసినది చదివి, కొంచెం తక్కువగా వేసి, కొలిచి, ఆ తర్వాత సరిచేయాలి. గ్లాసుతో కొలవడం కంటే తూకం వేయడం మంచిది. ఉప్పు డబ్బా మూత వెంటనే బిగించాలి. వానాకాలంలో కల్లుప్పు చెమ్మగిల్లడం మనం చూస్తూనే ఉంటాం. అందులో ఉండే మెగ్నీషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకోవడమే కారణం. మెరైన్ సాల్ట్‌లో అవి మరింత ఎక్కువ. తడిసి గడ్డకట్టిన ఉప్పు తూకానికి సరిగా రాదు.

కలిపాక మోటారును ఒక రోజు తిరగనివ్వాలి. నీరు తేటగా ఉండాలి, అడుగున పొడి ఉండకూడదు. లవణీయతను రిఫ్రాక్టోమీటరుతో కొలవాలి. 25 డిగ్రీల దగ్గర విశిష్ట సాంద్రత 1.026 వస్తే 35 గ్రాములు ఉన్నట్లు. రిఫ్రాక్టోమీటరును అప్పుడప్పుడు 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోవాలి. కొలిచే సాధనమే తప్పు చూపిస్తే ఎంత జాగ్రత్తపడినా ఫలితం ఉండదు.

ఉప్పునీటిని ఎన్నాళ్లు నిల్వ చేయవచ్చు? కొన్ని రకాల మిశ్రమాలను ఒకటి రెండు రోజుల్లో వాడేయమని తయారీదారులే చెబుతారు. కొన్ని ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి. నిల్వ ఉన్న కొద్దీ గోడలకు తెల్లని లేదా గోధుమ రంగు పొర పట్టవచ్చు, కాల్షియం కొంత తగ్గవచ్చు. వారానికి సరిపడా కలుపుకోవడం మంచి పద్ధతి. వాడే ముందు మళ్లీ మోటారు వేసి, లవణీయత, ఉష్ణోగ్రత రెండూ తొట్టి నీటితో సమానంగా ఉన్నాయని చూసుకుని నెమ్మదిగా పోయాలి. ఈ డ్రమ్ముకూ మూత ఉండాలి. లేకపోతే ఇందులోనూ నీరు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది.

వారం మార్పిడికి కావలసిన 10 లీటర్లు కాక మరో 10, 15 లీటర్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని మా అభిప్రాయం. రాత్రి కరెంటు పోయి మోటార్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఒక చేప చనిపోయి కనిపించకుండా రాళ్ల మధ్య ఉండిపోతే అమ్మోనియా పెరిగి మిగతావాటినీ చంపుతుంది. అప్పుడు ఉప్పు కలపడం మొదలుపెడితే ఒక రోజు ఆలస్యం. డ్రమ్ములో సిద్ధంగా ఉన్న నీరే ఆ రాత్రి ప్రాణాలు కాపాడుతుంది.

మరో మాట. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. తీగలు ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా ఉంచాలి. నీటిలో చేయి పెట్టే ముందు స్విచ్ ఆపాలి. డ్రమ్ములో నీరు తోడే ముందు హీటరు ఆపాలి.

రెండు డ్రమ్ముల మీదా పెద్ద అక్షరాలతో పేరు రాయాలి. బకెట్లు, మగ్గులు దేనివి దానికే ఉండాలి. మా విభాగంలో గోడకు ఒక నోటు పుస్తకం వేలాడుతుంది. తేదీ, టీడీఎస్, లవణీయత, ఉష్ణోగ్రత, ఎవరు కలిపారు – ఐదే గడులు. డ్యూటీ మారినప్పుడు తర్వాతివారు ముందుగా చూసేది ఆ పుస్తకాన్నే.

సముద్రం పక్కనే ఉంటే?

విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉన్నవారికి సముద్రపు నీరే తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఒడ్డు దగ్గర నీటిలో పట్టణపు మురుగు, పడవల నూనె కలిసి ఉండవచ్చు. వరదల కాలంలో నదుల నీరు చేరి ఉప్పదనం పడిపోతుంది. పైగా అందులో కంటికి కనిపించని ప్లవక జీవులు ఉంటాయి. మూసిన డ్రమ్ములో నిల్వ చేస్తే అవి చనిపోయి నీటిని కుళ్లబెడతాయి.

మన తీరం వెంట ఉన్న రొయ్యల హేచరీలు ఈ పనినే పెద్ద ఎత్తున చేస్తున్నాయి. సముద్రపు నీటిని తోడి, ఇసుక వడపోత గుండా పంపి, పెద్ద తొట్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపి క్రిములను చంపి, బాగా గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో పోగొట్టి, పరీక్షించి, మూతవేసిన తొట్లలో నిల్వ చేస్తారు. గుడ్డు నుంచి వచ్చిన రొయ్య పిల్ల కంటికి ఆనదు. నీటిలో చిన్న తేడా వచ్చినా లక్షల పిల్లలు ఒక్క రాత్రిలో పోతాయి. అందుకే హేచరీల్లో నీటి పరీక్ష తెలిసినవారికి ఉద్యోగాలున్నాయి. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో, వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాలలు ఉన్నాయి. ఇంటర్ బైపీసీ చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎంబీబీఎస్ ఒక్కటే దారి అనుకోకుండా వీటి గురించి కూడా తెలుసుకోవాలి. రెండు డ్రమ్ముల నీళ్లను సరిగా చూడగలిగినవారు రెండు లక్షల లీటర్ల తొట్టినీ చూడగలరు.

మన హాస్టల్ డ్రమ్ము సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఆర్వో ప్లాంటు పెడితే నీటి సమస్య తీరిపోయిందని అందరం అనుకుంటాం. పైన చెప్పినట్లు ఆర్వోకు ముందున్న బొగ్గు వడపోత క్లోరిన్‌ను తీసేస్తుంది. కుళాయి నీటికి క్లోరిన్ కాపలా ఉంటుంది, ఆర్వో నీటికి ఆ కాపలా ఉండదు. అలాంటి నీటిని మూత లేని డ్రమ్ములో పట్టి, వందమంది తమ గ్లాసులను, వేళ్లతో సహా, అందులో ముంచితే ఏమవుతుంది? శుద్ధి చేసిన యంత్రం దగ్గర బాగున్న నీరు, తాగే చోటికి వచ్చేసరికి చెడిపోతుంది. వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వచ్చేది ఇలాగే. పరీక్షల సమయంలో పది రోజులు మంచాన పడితే మనలో కొందరికి ఒక సంవత్సరం పోయినట్లే.

టీడీఎస్ మీటరు 20 చూపించింది కాబట్టి నీరు మంచిదే అనే వాదన కూడా సరికాదు. ఆ మీటరు లవణాలను మాత్రమే చూస్తుంది, క్రిములను చూడలేదు. తాగునీటిలో 100 మిల్లీలీటర్లకు ఒక్క ఈ కోలి కూడా ఉండకూడదన్నది ప్రమాణం. దాన్ని పసిగట్టడానికి హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు ఉంటాయి. నీరు పోసి ఉంచితే, అనుమానించదగ్గ నీరైతే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ప్రతి హాస్టల్‌లోనూ విద్యార్థులే నెలకోసారి చేసుకోగల పరీక్ష ఇది.

డెంగీ సంగతి కూడా మరువకూడదు. డెంగీని వ్యాప్తి చేసే ఏడిస్ దోమ మురుగులో కాక, మూత లేని డ్రమ్ముల్లో నిల్వ ఉన్న తేట నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. వారానికోసారి డ్రమ్మును పూర్తిగా ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఆరబెడితే ఆ చక్రం తెగిపోతుంది.

కాబట్టి ప్రతి గదిలోని డ్రమ్ముకూ ఈ నాలుగు నియమాలు పెట్టుకుందాం. మూత ఉండాలి. ముంచుకోవడం మాని కుళాయి తిప్పి పట్టుకోవాలి. వారానికోసారి ఖాళీ చేసి రుద్ది కడగాలి. ఎవరు, ఎప్పుడు కడిగారో గోడ మీది పుస్తకంలో రాయాలి. నీరు అనుమానంగా ఉన్నప్పుడు క్లోరిన్ బిళ్లను దాని మీద రాసిన మోతాదు ప్రకారం వేసి అరగంట ఆగి తాగాలి. వీటిలో డబ్బు ఖర్చయ్యేది ప్లాస్టిక్ కుళాయికి మాత్రమే. మిగతాదంతా మన బాధ్యత.

అద్దాల తొట్టిలోని రెండు చేపల కోసం మనుషులు నీటిని ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు, ప్రాణి ప్రాణే. అదే శ్రద్ధ మనం తాగే నీటికి కూడా దక్కాలని, రేపటి నుంచి డ్యూటీ పుస్తకంలో మొదటి పేరు ఈ వ్యాసం చదివిన మీలో ఒకరిదే కావాలని కోరుకుంటున్నాం.